తూకమక్క కలిపిన తేలికపొడి

ముందు వినిపించేది ఆ కేక. రేవు వైపు సందు తిరగకముందే, రేకుల గోడల్ని దాటుకుని వచ్చి మనిషి పళ్ళ సందుల్లో దూరుతుంది. గరుకు డిస్కు గిర్రున తిరుగుతూ ఫైబర్ పడవ గాజునారని కొరికితే వచ్చే కేక అది. గట్టి చోట కీచుమంటుంది. మెత్తటి చోట గొంతు దిగి గురగురమంటుంది. అలవాటైన చెవికి, ఆ కేకని బట్టే, లోపల పడవ ఎక్కడ చచ్చిందో, ఎక్కడ ఇంకా బతికుందో తెలిసిపోతుంది.

గుమ్మంలో నిలబడ్డవాళ్ళకి మొదట మనిషి కనిపించదు. తెల్లటి దుమ్ము కనిపిస్తుంది. కేక ఆగాక అది తొందరేం లేనట్టు కిందికి దిగుతుంది. అప్పుడు, దిమ్మల మీద ఎత్తిపెట్టిన పడవ పొట్ట కింద నుంచి, ముందు రెండు బూట్లు, వెనకే మోకాళ్ళ దాకా జారిన మగవాళ్ళ చొక్కా, ఆ తర్వాత మాస్కూ కళ్ళద్దాలూ బయటికొస్తాయి. అన్నీ తీసేస్తే మిగిలేది ఆమె.

రేవులో ఆమెని తూకమక్క అంటారు. యాభై దాటింది. కనుబొమ్మలు ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి. స్నానం చేసిన అరగంట సేపు మాత్రం నల్లగా ఉంటాయని ఆమె మొగుడు చెబుతాడు.

"అప్పుడు నేను గుర్తుపట్టను. ఎవరో కొత్తావిడ వచ్చిందనుకుని మర్యాదగా మాట్లాడతాను."

"ఆ అరగంటే నా సంసారం," అంటుంది ఆమె.

పెళ్ళికి ముందు ఆమె ఒక రంగుల కొట్లో పనిచేసేది. రంగు పొడులు, ద్రావకాలు, గట్టిపరిచే మందులు తూచి పొట్లాలు కట్టడం పని. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆ జీతంతోనే. ఏడాది తిరిగేసరికి కాటా ఊరికే పక్కన పడుండేది. అరచేతిలో పోసుకుంటే చాలు, ఎంతుందో చెప్పేది. పందేలు కాసేవాళ్ళు. ఫైబర్ పడవలు బాగుచేసే ఒక కుర్రాడు హార్డ్‌నర్ కోసం వచ్చి, మూడుసార్లు పందెం కాసి మూడుసార్లూ ఓడిపోయాడు. నాలుగోసారి వచ్చినప్పుడు అతనికి ఏ సరుకూ అక్కర్లేదు. ఆ కుర్రాడే ఇప్పుడు షెడ్డులో స్టూలు మీద కూర్చుని, టీ గ్లాసుని రెండు చేతుల మధ్య పిల్లపిట్టలా పట్టుకుని తాగే మనిషి.

ఇరవై ఏళ్ళపాటు పని అలాగే పంచుకున్నారు. మెషిన్లు ఆయనవి, డబ్బాలు ఆమెవి. పగిలిన చోటుని ఆయన పెద్ద గ్రైండర్‌తో కోసి, చచ్చిన పొరలన్నీ లేచిపోయేదాకా, అంచులు ఏటవాలుగా దిగేదాకా అరగదీసేవాడు. ఆ గాడిలో పెట్టాల్సిన ముద్దని ఆమె కలిపేది. రెజిన్ జిగురులో ఏ పొడి కలపాలో చెప్పేది పగులే. పైపైన గీతలు పడి, గుంటలు పడి, రంగు వేసేముందు నునుపు చేయాల్సిన చోటైతే తేలికపొడి. అది పిండిలా ఉంటుంది, ఉప్పుకాగితం తగిలితే చాలు, రాలిపోతుంది. బరువు మోసే చోట, నీటిగీత కింద, ఇంజిన్ దిమ్మ దగ్గర పగిలితే నారపొడి. అది గాజునారని సన్నగా తరిగిన పొడి. ఎండాక రాయి. దాన్ని సమం చేయాలంటే పెద్ద గ్రైండర్ తప్ప ఇంకేదీ పనికిరాదు, అదీ పూటంతా.

రెండు పొడులూ తెల్లవే. రెండు డబ్బాలూ ఒకే కొలతవే. కానీ ఒకటి చేత్తో ఎత్తితే ఖాళీ డబ్బా ఎత్తినట్టు పైకి లేచిపోతుంది, రెండోది మణికట్టుని కిందికి గుంజుతుంది. కళ్ళు మూసుకున్నా తేడా తెలుస్తుంది. రేవులో మిగతావాళ్ళకి ఈ సంగతి తెలీదు. షెడ్డులో ఇద్దరికీ తెలుసు.

ఏడేళ్ళ కిందట ఆయన వేళ్ళు చావడం మొదలుపెట్టాయి. పొద్దున్నే నీళ్ళలో చేయి పెడితే చివర్లు సున్నం కొట్టినట్టు తెల్లబడేవి. చొక్కా గుండీలు ఆమె పెట్టేది. ఒకరోజు ఇస్త్రీపెట్టె పక్కన చేయి ఆనించి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. చర్మం కాలిన వాసన ముందు వచ్చింది ఆమెకి. ఆయన మాటలు ఆపలేదు. డాక్టరు రెండు ముక్కల్లో చెప్పాడు. మెషిన్ అదురు నరాల్ని చంపుతోంది, పెద్దది మానేయకపోతే ఏదో ఒకరోజు వేళ్ళే కోసెయ్యాల్సి వస్తుంది.

ఆ సాయంత్రమే ఆమె మెషిన్ల దుకాణానికి వెళ్ళింది.

"మిక్సీలు పక్క షాపులో అక్కా," అన్నాడు దుకాణదారు.

"పక్క షాపులో కొన్నాను. నీలాంటి వాళ్ళ నాలుక వేస్తే బ్లేడు విరిగిపోయింది. గ్రైండర్లు తీయి."

అతను నవ్వి పెద్దది తీశాడు. ఆమె దాన్ని ఆన్ చేయించి, పనిచేస్తున్న మెషిన్‌కి తన మణికట్టు ఆనించి, కళ్ళు మూసుకుని పది లెక్కపెట్టింది. వద్దంది. స్పీడు తగ్గించుకునే వీలున్న చిన్నది తెప్పించి ఆనించింది. అలా తొమ్మిది మెషిన్లు. చివరికి, అదురు తక్కువున్న ఒక సాండర్ మణికట్టు మీద నిద్రపోతున్న పిల్లిలా గురకపెట్టింది. దుమ్ము పీల్చుకునే సంచీ కూడా ఉంది దానికి.

"ఇది గట్టి పనికి రాదక్కా. పుట్టీ నునుపు చేయడానికే," అన్నాడు దుకాణదారు, ఈసారి నవ్వకుండా.

తెలుసు. అయినా కొంది.

నెల తిరక్కుండా తమ్ముడు పడవ తెచ్చాడు. అతనిది ఐసు రవాణా. వేటకి పోయిన పడవలకి నడిసముద్రంలో ఐసు దిమ్మలు అందించి వస్తాడు. ఇంజిన్ దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు, అక్కాతమ్ముళ్ళిద్దరూ ఆయన్ని బాబాయ్ అనేవాళ్ళు. పడవ అడుగున, ఇంజిన్ దిమ్మకి జానెడు దూరంలో, మూరెడు పొడుగున పగులు.

"బావా, వేట ముమ్మరంగా ఉంది. ఎల్లుండికి కావాలి," అన్నాడు తమ్ముడు.

"ఎల్లుండికి నీ గడ్డం గీయడం కూడా అవదురా. నాలుగు రోజులు."

"మూడు."

"నాలుగు. మీ అక్కని అడుగు."

"అక్కని ఏమడుగుతాను. అక్క నీ పార్టీ."

మొదటిరోజు ఆయన పెద్ద గ్రైండర్ తీశాడు. ఆమె వద్దంది. గాడి తీయడం వరకే అన్నాడు. గంటసేపు పడవ పొట్ట కింద ఆ కేక నడిచింది. బయటికొచ్చేసరికి పది వేళ్ళూ కొవ్వొత్తుల్లా ఉన్నాయి. ఆమె అందించిన గ్లాసు ఆయన చేతిలోంచి జారింది. జారిందని ఆయనకి తెలీలేదు. పట్టుకున్న ఆకారంలోనే చేయి అలా ఉండిపోయింది, వేళ్ళ మధ్య ఏమీ లేకుండా.

ఆమె లోపలికి వెళ్ళింది. అరమీద రెండు డబ్బాలు. నారపొడి వేస్తే రేపు పూటంతా మళ్ళీ పెద్ద గ్రైండర్. ఆమె చేయి నారపొడి డబ్బా మీద ఉంది. బయట ఆయన ఒక చేత్తో రెండో చేతిని తొడకేసి కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. తడిబట్ట బండకేసి బాదుతున్నట్టు.

ఆమె చేయి పక్కకి జరిగింది. ఎత్తిన డబ్బా గాలిలా పైకి లేచింది.

పైన రెండు పొరలు గాజునార చాప వేస్తాంగా అనుకుంది. ఈ సీజను గడిస్తే చాలు కదా, అయ్యాక మళ్ళీ విప్పి సరిగ్గా చేద్దాం అనుకుంది. ముద్ద కలిపి ఇచ్చింది. వేళ్ళలో స్పర్శ ఉన్న మనిషైతే పుట్టీ కత్తి కిందే తేడా పట్టేసేవాడు. ఆయన గాడి నింపాడు. మర్నాడు కొత్త సాండర్ దాని మీద వెన్నలా నడిచింది.

"నువ్వు మెషిన్ బాగా ఎంచావే," అన్నాడు.

ఆమె గాజుచాపలు కత్తిరిస్తూ ఉండిపోయింది.

పడవ పందొమ్మిది రోజులు తిరిగింది. ఆ పందొమ్మిది రోజులూ నీళ్ళ కింద ఇంజిన్ అదురు ఆ మెత్తటి ముద్దని పిడిగుద్దులు గుద్దుతూనే ఉంది. ఇరవయ్యో రోజు పట్టపగలు, నిండు లోడుతో పోతుండగా, అడుగు తలుపు తీసినట్టు తెరుచుకుంది. నీళ్ళు పిడికిలిలా లోపలికొచ్చాయి. పడవ ఒక్కసారి పక్కకి ఒరిగింది. మనిషంత ఐసు దిమ్మలు, ఒకదాని మీంచి ఒకటి జారి, ఇంజిన్ మీద వంగిన బాబాయ్ కాలిని ఇంజిన్‌కేసి నొక్కి నలిపేశాయి. ఎముక విరిగిన చప్పుడు ఇంజిన్ చప్పుణ్ణి మించి వినిపించిందని తమ్ముడు తర్వాత పోలీసులకి చెప్పాడు. గడ్డపారతో ఐసు పగలగొట్టి, ఆయన్ని బయటికి లాగి, మునిగిన పడవ ముక్కుని ఒక చేత్తో, ఆయన జుట్టుని ఒక చేత్తో పట్టుకుని, రెండు గంటలు నీళ్ళలో ఉన్నాడు. చుట్టూ ఐసు ముక్కలు ఎర్రగా తేలుతున్నాయి.

మర్నాడు పదింటికి తమ్ముడు షెడ్డుకొచ్చాడు. అప్పటికే పడవని తాళ్ళతో లాక్కొచ్చి గుమ్మం ముందు పడేశారు. తమ్ముడి చేతిలో తెడ్డు. పలకరింపు లేదు. మొదటి దెబ్బ రెజిన్ డబ్బాల వరస మీద పడింది. అంటుకునే ద్రవం నేలంతా మెల్లగా నడిచింది.

"బాబాయ్ ఎలా ఉన్నాడురా?" అన్నాడు బావ, స్టూలు మీంచి లేస్తూ.

"కాలు తీసేశారు. మోకాలి కింద నుంచి."

"అయ్యో, రేయ్..."

"ఏడవకు. చేతులు చాపు. ఈ చేతులేగా పూసింది."

తెడ్డు వేళ్ళ మీద పడింది. ఆయన కదల్లేదు. ఇంకోసారి పడింది. గోరు లేచి రక్తం వచ్చింది. ఆయన ముఖంలో నొప్పి లేదు. అది చూసి తమ్ముడికి పిచ్చెక్కింది.

"కొట్టుకోరా. వాటికి తెలీదు," అన్నాడు బావ.

మూడో దెబ్బ చెవి మీద. ఆయన గాజుచాప చుట్టల మీద వెనక్కి పడ్డాడు. ఆమె పరిగెత్తుకొచ్చి తమ్ముడి నడుము పట్టుకుంది. చిన్నప్పుడు అన్నం తినకుండా పారిపోతుంటే పట్టుకున్నట్టే. అతను మోచేత్తో వెనక్కి తోస్తే ఆమె వీపు బల్ల అంచుకి తగిలి ఊపిరి ఆగింది. ఆ క్షణంలో బావ బల్ల మీంచి చిన్న గ్రైండర్ అందుకుని ఆన్ చేశాడు. బెదిరించడానికే. కానీ పట్టుకున్నానో లేదో తెలియని వేళ్ళు అవి. మెషిన్ ఎగిరింది. తమ్ముడి ముంజేతి మీద ఒక్క ఉదుటున పాకి, మాంసాన్ని నారలా పీచుపీచు చేసి, నేలమీద పడి, తీగ ఊడేదాకా రెజిన్ మడుగులో గిర్రున తిరిగింది.

మెషిన్ ఆగింది. తమ్ముడు చేతికి చొక్కా చుట్టుకున్నాడు. చొక్కా రంగు మారుతోంది.

"విను," అన్నాడు బావ. నోట్లోంచి ఎర్రటి ఉమ్మి కారుతోంది. "నీటిగీత కింద పగులుకి నేనెప్పుడైనా నారపొడి తప్ప ఇంకోటి వేశానా? మీ అక్క కలిపింది, నేను నింపాను. పడవ ఎక్కడో రాయికి తగిలుంటుంది. కోసి చూడు. లోపల గాజు కనిపిస్తే నువ్వు నా కాళ్ళు పట్టుకో. తెల్లపిండి రాలితే ఈ వేళ్ళు నీవి. ఇక్కడే కోసి తీసుకెళ్ళు."

"తీసుకుంటాను."

"తీసుకో."

తమ్ముడు అన్నంత పనీ చేస్తాడని ఆమెకి తెలుసు. పెంచింది ఆమే. అతను అప్పటికే గుమ్మం దాటి, పెద్ద గ్రైండర్ తీగని ప్లగ్గులో పెడుతున్నాడు, ఎడమచేత్తో, పళ్ళు బిగించి. ఆమె గోడ పట్టుకుని లేచింది. వెళ్ళి మెషిన్ లాక్కుంది.

"ఇటివ్వు. నీకు పట్టడం రాదు. ఇంకో చెయ్యి కూడా పోగొట్టుకుంటావు."

అంతకుముందు ఆమె ఎన్నడూ దాన్ని ఆన్ చేయలేదు. చేసింది. అది భుజాల్ని పట్టుకుని కుదిపింది, దవడల్ని ఒకదానికొకటి కొట్టించింది. ఇరవై ఏళ్ళు ఆయన ఒంట్లోకి పోయింది ఇదేనా అనుకుంది. పడవ పక్కకి ఒరిగి పడుంది, పొట్ట చీలి. చీలిక రెండు కొసల్లోనూ పాత అతుకు ఇంకా కొంత అంటుకునే ఉంది. పెదవి కొరుకుతూ డిస్కుని అక్కడ దించింది. గాజుచాప రెండు పొరలూ కీచుమని అరుస్తూ విడిపోయాయి. ఆ తర్వాత కేక ఆగింది. గొంతు దిగి గురగురమంది. డిస్కు వేగంగా లోపలికి పడిపోయింది, ఆపేవాళ్ళు లేనట్టు. తడిసిన తెల్లపిండి ముద్దలుముద్దలుగా ఆమె బూట్ల మీద రాలింది.

బావ ఆ పిండిని చూశాడు. వంగి, చిటికెడు తీసి, వేళ్ళకి తెలియదని గుర్తొచ్చి, నాలుక మీద పెట్టుకున్నాడు. తర్వాత భార్య వైపు చూశాడు.

తమ్ముడు గొడ్డలి కోసం చూస్తున్నాడు. బల్ల కింద ఉంది అది. తీశాడు.

"పెట్టు చెయ్యి," అన్నాడు.

ఆయన చేయి పడవ అంచు మీద పెట్టాడు. పందెం ఓడిపోయిన మనిషి కొట్లో బల్ల మీద చిల్లర పెట్టినంత మామూలుగా.

"కలిపింది నేను," అంది ఆమె.

తమ్ముడు వినలేదు.

"రేయ్. కలిపింది నేను. ఆయనకి తెలీదు. నేనే ఇచ్చాను."

గొడ్డలి పట్టుకున్న చేయి పక్కకి వాలింది. ఖాళీగా ఉన్న చేయి లేచింది. చొక్కా చుట్టిన చేయి అది, రక్తం ఓడుతున్నది. ఆ చేత్తోనే కొట్టాడు, చెంప మీద, ఒళ్ళంతా తిప్పిన బలంతో. పక్కపన్ను కదిలింది. ముఖమంతా తమ్ముడి రక్తం అయింది. అతనికి ఐదేళ్ళప్పుడు జ్వరంలో పొర్లుతుంటే ఆ చేయే ఆమె మెడ చుట్టూ ఉండేది.

"మారిపోయాయిరా," అన్నాడు బావ గబగబా. "డబ్బాలు మారిపోయాయి. రెండూ తెల్లవే కదా. రెండూ ఒకటే సైజు. ఎవరికైనా మారతాయి. పొరపాటు. కావాలని చేస్తుందా మీ అక్క?"

తమ్ముడు ఆమె కళ్ళలోకి చూశాడు. ఆ కళ్ళలో కోపం వెనక ఒక పిల్లవాడి బతిమాలడం ఉంది. అవునను అక్కా, అని.

"అంతేనా అక్కా?"

ఆమె నోటినిండా రక్తం ఉంది. ఉమ్మి మాట్లాడొచ్చు. ఉమ్మలేదు. మింగింది.

అతను దాన్ని అవుననే తీసుకున్నాడు. గొడ్డలి మడుగులో పడేసి వెళ్ళిపోయాడు. గుమ్మం దాటాక అతను వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది.

మూడోరోజు ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. బాబాయ్ దుప్పటి ఒకవైపు చదునుగా ఉంది.

"దా అమ్మా. చెప్పు ఇక ఒక్కటే చాలు. రెండోది నీ తమ్ముడికి, వాడి నెత్తిన వేయడానికి," అన్నాడు. ఆమె నవ్వకపోయేసరికి చేయి పట్టుకున్నాడు. "డబ్బాలు మారాయటగా. నాకూ ఒకసారి డీజిలూ నీళ్ళూ మారాయి. మనిషన్నాక మారతాయి. దిగులు పెట్టుకోకు."

ఆయన క్షమించాడు. చెయ్యని పొరపాటుకి దొరికిన క్షమ అది. చేసిన పనికి ఇంకా ఎవరూ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి రెండు రోజులు ఆమె ఏమీ తినలేకపోయింది. పన్ను నొప్పి అని చెప్పింది.

తర్వాత ఆమె పెద్ద గ్రైండర్ తీసింది. తమ్ముడి పడవ అడుగుని, పాత అతుకు పిండి ఒక్క రేణువు మిగలకుండా, బయట నుంచీ లోపల నుంచీ కోసింది. పదకొండు రోజులు. మెడ మీద, మోచేతుల మడతల్లో గాజునార గుచ్చుకుని దద్దుర్లు తేలాయి. నారపొడి తూచింది మొగుడు. తెల్లబడ్డ వేళ్ళతో తూకం తెలియదు కాబట్టి కాటా మీద పెట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని, పసివాడికి మందు పోస్తున్నట్టు తూచాడు. తమ్ముడు రోజూ వచ్చేవాడు. కట్టు కట్టిన చేత్తో ఎదురుగా కూర్చుని చూసి, చీకటి పడకముందే వెళ్ళేవాడు.

ఇప్పటికీ ఏడాదికోసారి పడవ తెస్తాడు. ఇంకెవరికీ ఇవ్వడు. అక్కతో మాత్రం నేరుగా మాట్లాడడు.

"బావా, చుక్కాని దగ్గర చిన్న గీత పడింది. మీ ఆవిడకి చెప్పు."

"ఏమే, చుక్కాని దగ్గర గీతంట."

"విన్నాను. నాకు చెవులున్నాయని చెప్పు."

"చెవులున్నాయంటరా."

"సరే, ఎక్కువ అరగదీయొద్దని చెప్పు."

"వాడి నాలుకంత పల్చగా చేయనని చెప్పు."

బావ ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరుగుతూ నవ్వుతాడు. తమ్ముడు కూడా ఒక్కోసారి ముఖం పక్కకి తిప్పుకుంటాడు. నవ్వడానికే అయ్యుండొచ్చు. ముంజేతి మీది మచ్చ ఎండలో మెరుస్తుంది, జుట్టు మొలవని దారిలా.

ఆ రోజు గురించి షెడ్డులో భార్యాభర్తలు ఏడేళ్ళలో ఒక్కసారీ మాట్లాడుకోలేదు. డబ్బాలు మారవని ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని ఆమెకి తెలుసు. కొత్తవాళ్ళెవరైనా అడిగితే కథ చెప్పేది ఆయనే. చెప్పి చెప్పి అది నునుపు తేలింది. ఇవాళ, ఏ పగులుకి ఏ మెషిన్, ఏ పొడి అని కనుక్కుని రాసుకోవడానికి వచ్చిన మనిషికీ అలాగే చెప్పాడు.

"రెండూ తెల్లవే కదండీ. ఒకటే సైజు. ఎవరికైనా మారతాయి."

ఆమె పడవ కింద నుంచి అంతా వింటూనే ఉంది. మెషిన్ ఆపింది. దుమ్ము దిగేదాకా ఆగి బయటికొచ్చింది. మాస్కు గడ్డం కిందికి లాగి, కాగితాలు సర్దుకుంటున్న మనిషి ఎదురుగా నిలబడింది. కుడిచేతి చూపుడువేలి కొస ఆమెకీ తెల్లబడుతోంది. మొగుడు స్టూలు మీంచి సగం లేచాడు, ఏదో అడ్డం పెట్టాలన్నట్టు. ఆమె అటు చూడలేదు.

"ఆయన అలాగే చెబుతాడు. మీరు మాత్రం డబ్బా మారిందని రాయకండి. ఏ డబ్బానో తెలిసే తీశాను."